ఒళ్లు చేసిన అక్క

మొన్న అక్క మనవరాలికి డెంగీ వచ్చి తగ్గింది. ప్లేట్‌లెట్లు పెరిగాయని ఫోన్లో రిపోర్టు చూసి ఇంట్లో అందరూ సంబరపడుతుంటే, అక్క మాత్రం పిల్ల కాలిని బొటనవేలితో నొక్కి, గుంట పడుతుందేమోనని చూస్తూ కూర్చుంది. ఎందుకో నాకు తెలుసు.

నా పడుచుతనంలో నేను కామారెడ్డిలో ఒక బెల్లం దుకాణంలో కాంటా దగ్గర పనిచేసేవాణ్ణి. చదువు తక్కువే అయినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఒకసారి చూసిన బరువు మరిచిపోయేవాణ్ణి కాదు. మా ఊరు ఎల్లారెడ్డి నుంచి మావాళ్లు ఎవరొచ్చినా సరదాగా ఆ కాంటా ఎక్కాల్సిందే. ఆ వానాకాలం ఊరంతా విషజ్వరాలు పడ్డాయి, అక్కకూ వచ్చి తగ్గింది గానీ, ఒళ్లునొప్పులకని ఎవరో ఇచ్చిన గోళీలు మింగుతూనే ఉంది. అవ్వ, అంటే మా అమ్మ, ఆమెను వెంటబెట్టుకుని బజారు పనిమీద వచ్చింది. పీక్కుపోయిన బుగ్గలు మళ్లీ నిండాయని అవ్వకు ఒకటే సంతోషం.

"నన్నుగూడ బెల్లం లెక్కనే జోకుతవారా తమ్మీ?" అంటూ అక్క కాంటా ఎక్కింది. జ్వరానికి ముందుకంటే ఐదు కిలోలు ఎక్కువ!

"చూసినవా, నా చేతి జొన్నగట్క ఊకెనే పోతదా?" అంది అవ్వ.

"ఏడ తింటున్ననే అవ్వా, నోరంత చేదాయె," అని నవ్వింది అక్క.

తినని మనిషికి ఆ బరువెక్కడిది? వానాకాలం చెమ్మ పట్టి బెల్లం బరువెక్కడం రోజూ చూసేవాణ్ణి కనుక, ఇది నీళ్ల బరువేమోనని తోచింది. మూత్రం సంగతి అక్కను నేనడగలేక అవ్వతో అడిగించాను. చాలా తక్కువట, అదీ చాయ్ రంగులో.

అప్పటికప్పుడు దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు అక్క కాలిని బొటనవేలితో నొక్కితే, లోపల నీరు చేరి ఉండటంతో పడిన గుంట అలాగే ఉండిపోయింది. జ్వరం పోతూ పోతూ మూత్రపిండాలకు వాపు తెచ్చిందనీ, ఇంకా ఆలస్యమైతే అవి పనిచేయడం ఆగిపోయేవనీ డాక్టరు చెప్పి, ముందుగా ఆ గోళీలు మాన్పించాడు. ఒళ్లంతా కాగిన జ్వరం వెళ్లి నడుము వెనక ఎలా దాక్కుందో, అందరికీ రానిది అక్కకే ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ వింతే.

చికిత్సతో నీరు దిగి, అక్క మళ్లీ కాంటా ఎక్కినరోజు ముల్లు వెనక్కి తగ్గితే నేను ఎగిరి గంతేశాను. అవ్వ మాత్రం, మంచికేనని ఎంత చెప్పినా, ఆ లోతు బుగ్గలు తడిమి కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు ఇంటింటా బరువు చూసుకునే మిషన్లున్నాయి, అందరూ తగ్గడానికే ఎక్కుతున్నారు. నేనూ ఎక్కుతాను. అంకె తగ్గినప్పుడల్లా పిల్లలు శభాష్ అంటారు. "సన్నబడ్డవ్ బిడ్డా" అని బుగ్గ తడిమే అవ్వ మాత్రం లేదు.