బాపట్ల హాల్లో ఊఁ కొట్టాను

ఈ రోజు బాపట్లలో మా మనవరాలు శ్రావణి కాలేజీలో కథలు చెప్పే పోటీ ఉంటే తెనాలి నుంచి వెళ్లాను. వంతెన లేని రోజుల్లో, రేపల్లె దగ్గర రేవులో పడవెక్కి పొగమంచులో నేను కృష్ణ దాటిన కథే అది చెబుతోంది. దాని చిన్నప్పుడు రోజూ నా దగ్గర విన్నదే.

నాలుగు మాటలు చెప్పి ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఇంట్లో వినేవాళ్లు ఊఁ కొడితేనే కథ సాగుతుంది. ఇక్కడేమో అందరూ మర్యాదగా మౌనంగా ఉన్నారు. సభలో ఎవరైనా గుసగుసలాడితేనే కసిరే నేను, గట్టిగా "ఊఁ" అన్నాను.

పక్కన కూర్చున్న ఆవిడ నవ్వింది. "ఏంటి మామ్మగారూ, కునికిపాట్లా?"

"కథ వింటున్నానమ్మా. నువ్వూ ఊఁ కొట్టు, పిల్ల చెబుతుంది."

ఆవిడ కొట్టింది. తర్వాత వెనక వరసా అందుకుంది. శ్రావణి కళ్లు తుడుచుకుని, చేతిలో కాగితం మడిచేసి, నా వైపు చూస్తూ చెప్పసాగింది. ఆ మధ్యాహ్నపు ఎండలో హాలంతా మంచు కమ్మినట్టుంది. ఆ మంచులో పడవవాడు పాట ఎత్తుకున్నాడని కూడా చెప్పింది.

నేను కృష్ణ దాటిన ఆ రోజు పడవలో ఎవరూ పాడలేదు. అయినా నాకు వినిపించింది. దానికీ ఊఁ కొట్టాను.

మీరైతే సరిదిద్దేవారా?