కారు తలుపు మీద పడిన వెలుగు

దయ్యాలున్నాయని చెప్పేవాళ్లతో నేను జీవితమంతా కొట్లాడాను. బడిలో చదివింది ఏడో తరగతే. మిగతాదంతా దొరికిన పుస్తకమల్లా చదివి నాకు నేనే నేర్చుకున్నాను. ఫొటోలు తీయడమూ అట్లాగే నేర్చుకున్నాను. వెలుగు ఎక్కడినుంచో రావాలి, దేనికో తగలాలి, అప్పుడే కెమెరాలో పడుతుంది. ఈ సంగతి తెలిసినవాడికి దయ్యం ఫొటో అంటూ ఏదో మసక మరక చూపిస్తే కోపం రాదా? అందుకే నాకు జరిగింది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాలు లేని రోజుల్లో మాకో చిన్న స్టూడియో ఉండేది. గోడకు ఒక బొమ్మల తెర, అందులో ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు. ముందు ప్లైవుడ్ కారు. నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లు అందులో కూర్చుని, స్టీరింగ్ పట్టుకుని ఫొటో దిగి మురిసిపోయేవాళ్లు.

నేను కెమెరా వెనక ఉంటే, నా భార్య మేరీ థర్మాకోల్ షీటు పట్టుకుని పక్కన నిలబడేది. లైటు ఆ తెల్ల షీటుకు తగిలి, ముఖంలో నీడ ఉన్న వైపు పడాలి. మేరీ పొట్టి మనిషి. షీటును నీళ్ల బిందెలాగా నడుముకు ఆనించుకునేది. ఒక మూల పైకి, ఒక మూల కిందికి. వెలుగు కింది నుంచి ఏటవాలుగా పడేది. "జర ఎత్తు పట్టవే" అని పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి చివరిదాకా అరిచాను. ఒక్కసారి ఎత్తితే ఒట్టు. "నీ పని నువ్ జూస్కో, నొక్కు" అనేది.

ఆమె పోయాక నేను కెమెరా ముట్టలేదు.

మా కూతురు సునీత, అల్లుడు ప్రకాశ్ ఎల్బీనగర్‌లో కార్లకు పాలిష్ పెట్టే దుకాణం నడుపుతారు. ప్రకాశ్‌ది భీమవరం వైపు. కిందటేడు అతని స్నేహితుడు తన స్పోర్ట్స్ కారు పాలిష్‌కి ఇచ్చి, ముచ్చటపడి, నాలుగు రోజులు తీసుకెళ్లి ఫొటోలు తీసుకొమ్మన్నాడు. ముదురు నీలం కారు. నేలకు ఆనుకున్నట్టుండేది. విశాఖ సముద్రం దగ్గర, అరకు కొండల్లో తీసి దుకాణం బోర్డు మీద పెట్టాలని వాళ్ల ఆశ.

ప్రకాశ్ డ్రోను కుర్రాణ్ని మాట్లాడదామన్నాడు. సునీత ఒప్పుకోలేదు. "నాయిన దీస్తడు" అంది.

"మామయ్యగారికి కంటి ఆపరేషన్ అయ్యింది కదా సునీ..."

"కంటికైంది, చేతికి కాలే."

ఆ మాట నేను పక్క గదిలోంచి విన్నాను. ఈ ఫొటోలు చెడితే అల్లుడి ముందు నా కూతురి మాట పోతుంది. నా చేతికి ఇక ఎవరూ కెమెరా ఇవ్వరు. ప్రయాణమంతా నా మనసులో ఉన్నది ఇదే.

కారును సునీత నడిపింది. వెనక వ్యానులో నేనూ ప్రకాశూ. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా అల్లుడు దిగి, కారు కడుపు కింద వంగి చూసేవాడు. గీత పడితే స్నేహం పోతుందని అతని భయం.

భీమిలి దగ్గర పొద్దున్నే తీసిన ఫొటోలు బాగానే వచ్చాయి. అక్కడ థర్మాకోల్ షీటు ప్రకాశే పట్టుకున్నాడు. మర్నాడు అరకు ఘాట్ రోడ్డు మీద, కాఫీ తోటల పక్కన కారు నిలబెట్టాం. ఎండ అవతలి నుంచి వస్తోంది, మా వైపు తలుపు నల్లగా మాడినట్టుంది.

"షీటు తీస్కరా" అన్నాను.

ప్రకాశ్ నీళ్లు నమిలాడు. "చేపల కింద ఉందండి."

భీమిలిలో వంజరం తాజాగా దొరికిందట. ఐసు కరగకుండా షీటును ముక్కలుగా విరిచి పెట్టెలో పరిచాడట. థర్మాకోల్ పుట్టిందే చేపల కోసమని నమ్మే మనిషికి ఏం చెప్పాలి! ఆ ముక్కలున్న వ్యాను కింది మలుపు దగ్గర తలుపులు వేసి ఉంది. మా దగ్గర తెల్ల దుప్పటి లేదు, తువ్వాలు లేదు. సునీత చున్నీ ఆకుపచ్చ. ఫ్లాష్ కొడితే ఆ నున్నటి రంగు మీద తెల్లమచ్చ పడుతుంది.

నొక్కాను. నలుపు. మళ్లీ నొక్కాను. నలుపే. కోపంలో, అలవాటు కొద్దీ, పక్కకు చూడకుండానే అరిచాను. "ఏం జేస్తున్నవ్ మేరీ, జర ఎత్తు పట్టవే!"

ప్రకాశ్ బిత్తరపోయాడు. "ఎవరితోనండీ మామయ్యగారూ?"

నేను నొక్కుతూనే ఉన్నాను. ఎండలో కెమెరా తెర నాకు సరిగా కనబడదు. తలుపు కాస్త తేటపడినట్టనిపించి, మబ్బు జరిగిందేమో అనుకున్నాను.

తిరిగొచ్చాక సునీత దుకాణంలో కంప్యూటర్ మీద ఒక్కొక్కటే చూపించింది. ఘాట్ రోడ్డు మీద నేను అరవకముందు తీసినవన్నీ నలుపు. తర్వాతవాటిలో తలుపు మీద మెత్తటి తెల్లని వెలుగు. కింది నుంచి ఏటవాలుగా, ఒక మూల పైకి, ఒక మూల కిందికి. సునీత దగ్గరగా వంగి చూసి అంది. "నాయినా, గిది అమ్మ పట్టినట్టే ఉన్నది గదా."

ఆకాశం వెలుగైతే పై నుంచి పడాలి. రోడ్డు నల్ల తారు, చుట్టూ పచ్చని చెట్లు. తెలిసిన ఫొటోగ్రాఫర్ ఒకాయన చూసి, కంప్యూటర్లో దిద్దారని నవ్వాడు. దిద్దడం నాకు రాదయ్యా, కెమెరాలో ఉన్నది ఉన్నట్టే ఉంది చూసుకో అని ఆయన ముందే చూపించి వచ్చాను. ప్రకాశ్ మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. బోర్డుకు ఆ ఫొటోనే ఇచ్చాడు. దుకాణం ఫొటోలన్నీ ఇకనుంచి మీరే తీయాలండీ అన్నాడు.

మొన్న సరూర్‌నగర్ చెరువు దగ్గర ఇంకో కారు తీయాల్సి వచ్చింది. షీటు కావాలనే ఇంట్లో వదిలి వెళ్లాను. సునీత దూరంగా ఉన్నప్పుడు, గొంతు తగ్గించి, "మేరీ, కొంచెం పట్టుకుంటావా" అన్నాను. ఫొటోలన్నీ నలుపు.

ఉన్నది ఉన్నట్టు రాయడానికి కూర్చున్నవాణ్ని, ఇదీ రాయాలి. కొండ మీద పడిన వెలుగు ఎక్కడిదో, ఇక్కడ ఎందుకు పడలేదో నాకు తెలియదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను.

షీటు ఎందుకు తేలేదని సునీత నిలదీస్తే జరిగింది చెప్పాను. అది నవ్వింది, కళ్లు తుడుచుకుంది.

"గంత మర్యాదగ పిలిస్తే అది నువ్వే అని అమ్మకెట్ల తెలుస్తది నాయినా?"