గుండీల పాఠం

ఉప్పల్ రింగ్ రోడ్డులో నాచారం షేర్ ఆటో ఎక్కుతుంటే నా చంకలోని బోర్డును చూసి డ్రైవర్, "ఇదేందక్కా, టైలరింగ్ నేర్సుకుంటున్నవా?" అని అడిగాడు. కాదు, డిగ్రీ అన్నాను. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో నాలుగేళ్ల డిగ్రీ, చివరి సంవత్సరం. అట్ట మీద గుడ్డ బిగించి, బిస్కెట్లంత గుండీలు ఆరు కుట్టి, చుట్టూ మెరుపు కాగితం అంటించాను. పెళ్లికి పోతూ పిల్లిని చంకనబెట్టుకున్నట్టు దాన్ని రోజూ ఇండస్ట్రియల్ ఏరియా వెనక సందులోని ఓ చిన్న స్కూలుకు మోసుకెళ్లేదాన్ని. అక్కడ ఒక పాపకు చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పాలి. బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు ఆ పాఠం చెప్పి పాసైతేనే డిగ్రీ. లేదంటే ఇంకో ఏడాది ఇదే ఆటో, ఇదే బోర్డు.

పాపకు పదమూడేళ్లు. ఏదైనా నెమ్మదిగా నేర్చుకుంటుంది. మాట తక్కువ, గమనింపు ఎక్కువ. మా చదువులో ఒక నియమం ఉంది: పాఠానికి ముందు ఒక పరీక్ష, తర్వాత ఒక పరీక్ష. ముందు రాకూడదు, తర్వాత రావాలి. అప్పుడే టీచర్ ఏదో నేర్పినట్టు లెక్క. మొదటిరోజు చొక్కా ఇస్తే పాప పై గుండీని రెండో కాజాలో దూర్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని నావైపు చూసింది. సున్నా వేశాను. పాఠం చెప్పాను. అరగంటలో ఆరు గుండీలూ సరిగ్గా పెట్టేసింది. చప్పట్లు కొట్టాను. నా అంత టీచర్ లేదని ఇంటికి చేరేదాకా మురిసిపోయాను.

మర్నాడు చార్టు కోసం స్టోర్ రూమ్ తెరిస్తే, గోడకు ఆనించి ఏడు గుండీల బోర్డులు కనిపించాయి. నాకన్నా ముందొచ్చిన ట్రైనీలవి. నలభై నిమిషాల్లో తెమిలే పాఠమని అందరూ గుండీలే ఎంచుకున్నారు. అందరూ ఈ పాపకే నేర్పారు. హనుమంతుడి ముందు కుప్పిగంతులంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం పాపను తీసుకెళ్లడానికి వాళ్లమ్మ వచ్చింది. ఆమెది మందుల కంపెనీలో ప్యాకింగ్ పని.

"మేడం, పొద్దుగాల అంగీ ఇస్తే మా బిడ్డ ముందుగాల తప్పే పెడ్తది. నేను కూసొని మొత్తం జెప్పాలె. జెప్పినంక మంచిగ పెట్టుకుంటది. మల్ల సప్పట్లు గొట్టాలె, లేకుంటె కదల్దు. నాకు డ్యూటీ టైమైతది. గిట్లెందుకు జేస్తది?"

ఎందుకో నాకు తెలుసు. గుండీలు పెట్టుకోవడమంటే ముందు తప్పు చేయడమని మేమే నేర్పాం, నాతో కలిపి ఎనిమిది మందిమి. చెప్పలేనంత సిగ్గేసింది.

వేరే పాఠం పెట్టుకుందామంటే ఫైలు మీద సంతకాలు అయిపోయాయి, మార్చడం కుదరదన్నారు. సరే, ఎగ్జామినర్‌కు నేనే చెప్పుకుంటాననుకుని పాఠం చెప్పడం మానేశాను. చొక్కా ఇచ్చి కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. తప్పు పెడితే పట్టించుకోలేదు, సరిగ్గా పెడితే చప్పట్లు కొట్టలేదు. పాప నన్ను చూసి జాలిపడింది. ఈ మేడంకు ఏమీ రాదనుకుని, చెయ్యి పట్టుకుని బోర్డు దగ్గరికి తీసుకెళ్లి మొదటి గుండీ ఎక్కడుందో చూపించింది. ఐదోరోజు మాత్రం చొక్కా అందుకుని, ఎవరివైపూ చూడకుండా ఆరు గుండీలూ పెట్టేసుకుని అన్నానికి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

"ఇంట్ల గూడ ఒక్కపారికే మంచిగ పెట్టుకుంది మేడం," అని మర్నాడు వాళ్లమ్మ చెప్పింది.

పరీక్షరోజు వచ్చిన ఎగ్జామినర్ పెద్దాయన, మంచివారు. టీ తాగి, మొదలుపెట్టమన్నారు. పాప ఒక్క తప్పు లేకుండా గుండీలు పెట్టింది.

"అమ్మాయికి ముందే వచ్చుగా. ఇక నువ్వు నేర్పేదేముంది?"

జరిగిందంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు.

"మంచి పనే చేశావమ్మా. కానీ ఈ ఫారంలో దానికి గడి లేదు. ముందు సున్నా లేకపోతే తర్వాత మార్కులు ఎలా వేయను? ఒక్కసారి తప్పు చేయించు, రాసుకుంటాను."

"నేను చేయించలేను సార్," అన్నాను. అనడమైతే అన్నాను గానీ, ఇంకో ఏడాది ఇదే ఆటో, ఇదే బోర్డు కళ్లముందు కనబడ్డాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

పాప నన్ను చూసింది, ఆయన్ని చూసింది, ఆయన చేతిలోని ఫారాన్ని చూసింది. అలాంటి ఫారాలు చాలా చూసిన పిల్ల.

"ఏడ్వకు మేడం," అంది.

పెట్టుకున్న గుండీలన్నీ నింపాదిగా విప్పింది. పై గుండీని రెండో కాజాలో దూర్చి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఆయన సున్నా రాసుకుని, ఇక పాఠం చెప్పమన్నారు. అప్పుడైనా వద్దనాల్సింది. అనలేదు. బోర్డు నిలబెట్టి పాఠం చెప్పాను. పాప ఆరు గుండీలూ పెట్టి నావైపు చూసింది. చప్పట్లు కొట్టాను. మా బ్యాచ్‌లో అందరికన్నా ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి.

మర్నాడు పొద్దున్నే వాళ్లమ్మ ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు.