టిఫిన్ మూతలో రాతిపొడి

నేను ఇంజనీరుగా ఉన్న భూపాలపల్లి బొగ్గుగనిలో ఆ రోజు తప్పు నాదే. గోడ చీలిక నిండా నలిగిన రాతిపొడి ఉంది. మా పాత డ్రిల్లర్ అలవాటుగా ఆ పొడిని టిఫిన్ మూతలో పోసి వంచాడు. కదల్లేదు. గోటితో తట్టిన ప్రతిసారీ సర్రున కొంత జారి ఆగింది.

“జూసినవా సారూ? జర అదిరితే ఇడుస్తది. గీడ డ్రిల్లు వద్దు.”

“మూతకూ గనికీ ఏం సంబంధం కాకా?” అని నవ్వి, డ్రిల్లు వేయించాను. ఆ అదురుకు గోడ జారి ఆయన కాలు విరిగింది. ఆయన అజాగ్రత్తే కారణమని రిపోర్టు రాశాను.

దవాఖానకు వెళితే తిట్టలేదు. “నేను కండ్లు మూసుకున్న సారూ. గోడ ఒక్కపారే జారిందా, ఆగి ఆగి జారిందా?” అని ఆత్రంగా అడిగాడు.

“ఆగి ఆగి, కాకా.”

“గదే అనుకున్న! మూతల పొడి లెక్కనే!” ఆయన ముఖం వెలిగింది.

తిరిగొచ్చి ఆ రిపోర్టు చింపేశాను. “ఆయన వద్దన్నాడు, నేనే వేయించాను” అని కొత్తది రాసి సంతకం పెట్టాను.