పూసలపొల్ల ఏమైంది?

మా చిన్నప్పుడు... ఆర్మూరు థియేటర్‌లో మ్యాట్నీ అయిపోకముందే మా ఊరి బస్సు కదిలేది. మాది మోర్తాడ్ దాటి లోపలికి ఉండే పల్లె. అది పోతే ఆ రోజుకు మళ్లీ బస్సు లేదు.

అందుకే బాపుకు సినిమా అంటే ముళ్ల మీద కూర్చున్నట్టే. పసుపు అమ్మిన రోజున అమ్మనీ, అక్కనీ, నన్నూ తీసుకెళ్లేవాడు... తాను మాత్రం సగం నుంచీ తలుపు దగ్గర నిలబడి "లేవుండ్రి... బస్సు పోతది" అంటూనే ఉండేవాడు. ఇటు తెర, అటు బాపు... నాకు దేన్నీ కుదురుగా చూసే యోగం లేదు.

అట్లా చూసిందే ఆ హిప్పీల సినిమా. అప్పటికే పాతది. బెల్‌బాటమ్ హీరో, గిటార్లు, రంగురంగుల లైట్లు, పొగ... ఆ గుంపులో మెడనిండా పూసల దండలు వేసుకున్న ఒక అమ్మాయి. ముఠా చేతిలో నుంచి హీరోను తప్పించింది. వాళ్లు ఆమెను గుహలోకి ఈడ్చుకెళ్తుంటే... బాపు మమ్మల్ని బయటికి ఈడ్చుకొచ్చాడు!

ఆ అమ్మాయి సంగతి తెలియక అమ్మకు మనసు నిలవలేదు. "గా పూసలపొల్ల ఏమైందో... పాపం, దానికి ఎనుకాముందు ఎవ్వలు లేరు" అని బస్సులో గొణుగుడు. ఇంటికొచ్చాక మక్క కంకులు ఒలుస్తున్నా అదే మాట.

చివరికి అక్క చెప్పింది... "మా క్లాసు పిల్ల మొత్తం సూసిందట అమ్మా. పూసలపొల్ల మోటర్‌సైకిల్ గుంజుకొని నడుపుకుంట ఎల్లిపోయిందట. ఎవ్వలకు దొరకలేదట."

అమ్మ ముఖం విప్పారింది. "మంచి పని చేసింది" అంది.

మొన్న అక్క పెర్కిట్‌లోని మా ఇంటికి వచ్చింది. ఆ సినిమా ఫోన్‌లో దొరికితే టీవీలో పెట్టాను. అమ్మ కూడా వచ్చి కూర్చుంది. అట్టపెట్టెల బండలు, హీరో చెయ్యి తగలకముందే ఎగిరిపడే రౌడీలు... నాకు నవ్వు ఆగలేదు. అక్క మాత్రం నవ్వడం లేదు. ఒకసారి కిటికీ దగ్గరికి, ఒకసారి వంటింట్లోకి... "జర బంద్ చెయ్యవే, ఛాయ్ తాగుదాం" అంటోంది.

గుహ సీన్ వచ్చేసరికి అక్క కంగారు ఎందుకో నాకు అర్థమైంది. ఆ క్లాసు పిల్ల అసలు లేనే లేదు.

రిమోట్ వెతికేలోపే అయిపోయింది. హీరోకు తగలాల్సిన తూటా ఆ అమ్మాయికి తగిలింది. అతని ఒళ్లో తలపెట్టి, తాను చెడిపోయినదాన్నని క్షమాపణ అడిగి మరీ చచ్చిపోయింది. ఆ వెంటనే హీరో పెళ్లి! ఒళ్లు మండిపోయింది నాకు. ఆ రోజుల్లో అలాంటి అమ్మాయిని ఏ సినిమావాళ్లూ బతకనిచ్చేవాళ్లు కాదు.

అక్క తల దించుకుంది. అమ్మ కాసేపు టీవీ వంక చూసి, అక్క చెయ్యి పట్టుకుంది.

"గిది గా సినిమా కాదు బిడ్డా... గా పొల్ల మోటర్‌సైకిల్ మీద పోయింది గదా."

ఇప్పుడు ఏ సినిమా అయినా చివరిదాకా చూడొచ్చు... తలుపు దగ్గర నిలబడి తొందరపెట్టడానికి బాపూ లేడు. అయినా ఆఖరు రీలు వచ్చిందంటే నాకు కూర్చోబుద్ధి కాదు.

బస్సు కోసం మీరు సగంలో లేచి వచ్చిన సినిమా ఏది?... దాని ముగింపు మీకు చెప్పింది ఎవరు?