దీనమ్మ టీచర్ ఆపేసిన కథ

ఇవాళ పొద్దున పక్క వాటా కోడలు కందులు వేయించింది. కిటికీలోంచి ఆ వాసన రాగానే చేతిలోని పేపరు పక్కన పెట్టేశాను. ఎక్కడున్నా, ఎన్నేళ్ళు గడిచినా, ఆ కమ్మదనం ముక్కుకు తగిలితే నాకు వికారాబాదులో మా బడి హాస్టలు, శనివారం మధ్యాహ్నం, దీనమ్మ టీచర్ గది గుర్తుకొస్తాయి. ఆమెది తాండూరు. పుట్టింటి నుంచి ఏడాదికోసారి నల్లరేగడిలో పండిన కందులు బస్తాడు వచ్చేవి. శనివారం మేం ఏడెనిమిది మందిమి ఆ గదిలో చాటలు ముందు వేసుకొని రాళ్ళు ఏరేవాళ్ళం. ఆమె పొయ్యి దగ్గర పీటేసుకొని పెనం మీద వాటిని కదుపుతూ బైబిలు పాత నిబంధన కథలు చెప్పేది. పొట్టి మనిషి. కళ్ళజోడు ఒక కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకునేది. మేం ఏం చెప్పినా ముందు "హౌదా?", అంటే అవునా, అనేది, తాండూరు వాళ్ళకు అలవాటైన కన్నడంలో. ఆ ఒక్క మాటతో మేం చెప్పింది చాలా ముఖ్యమైన సంగతి అనిపించేది.

నేను హాస్టల్లో చేరింది పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. నాకప్పుడు పదేళ్ళు. బడి గోడ మీద నిజాము పటం తీసేసిన చోట సున్నం తెల్లగా చదరంగా కనిపించేది. ఒక శనివారం మాలో ఒక పిల్ల అడిగింది: "టీచర్, ఇప్పుడు మనకు రాజు లేడంట గదా. మరి ఎవలు చెప్తే వినాలె?" దీనమ్మ టీచర్ నవ్వలేదు. పెనం దించి మా వైపు తిరిగి కూర్చుంది. ఇశ్రాయేలీయులు పన్నెండు గోత్రాలుగా, అంటే తెగలుగా, ఉన్న కాలం గురించి ఆ రోజు మొదటిసారి విన్నాను. వాళ్ళకు చాలాకాలం రాజు లేడట. ఏ గోత్రానికి ఆ గోత్రం పెద్దలు ఊరి గవిని, అంటే కోట వాకిలి, దగ్గర కూర్చొని తగవులు తీర్చేవారట. ఆపద వచ్చినప్పుడు ఎవరో ఒకరు లేచి నడిపించేవారట. ఒకసారైతే ఖర్జూరపు చెట్టు కింద కూర్చొని తీర్పు చెప్పే ఒక ఆడమనిషే నడిపించిందట.

"అయితే అందరు మంచిగనే ఉన్నరా టీచర్?" అన్నాను నేను.

"ఏడ మంచిగున్నరు బిడ్డా! ఎవనికి తోచింది వాడు చేసిండు. రాజు లేకుంటె మంచిదని నేను చెప్తలేను. రాజు లేనినాడు పెద్దమనిషి అనేటోనికి పని ఎక్కువుంటదని చెప్తున్న."

ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఐదుగురు అక్కచెల్లెళ్ళది. సెలోపెహాదు అనే ఆయన కొడుకులు లేకుండా చనిపోయాడు. అతని ఐదుగురు కూతుళ్ళూ గుడారం వాకిట్లోకి వచ్చి, వాళ్ళందరినీ నడిపించే మోషే ముందు, యాజకుడి ముందు, గోత్రాల పెద్దలందరి ముందు నిలబడి, కొడుకులు లేనంత మాత్రాన మా తండ్రి పేరు పోవాలా, మాకూ భూమి ఇవ్వండి అని అడిగారు. మోషే అంతటివాడు వెంటనే తీర్పు చెప్పలేదు. దేవుణ్ణి అడిగి చెప్తానన్నాడు. అడిగి వచ్చి, వీళ్ళు అడిగింది న్యాయమే అన్నాడు. ఇక్కడికి రాగానే దీనమ్మ టీచర్ గొంతు మారిపోయేది. "సముద్రం దాటించినోడు, నాకు తెల్వదు, అడిగొస్త అన్నడు. సూసిన్రా? పెద్దమనిషంటె అన్ని తెలిసినోడు కాదు. తెల్వదని నలుగురి ముంగట అనగలిగినోడు." ఆ మాటతో కథ అయిపోయేది. చాటలు దులుపుకొని లేచేవాళ్ళం.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా నాయన చనిపోయాడు. ధారూరు స్టేషన్లో దిగి నాలుగు మైళ్ళు నడిస్తే మా ఊరు. మాకున్నది రెండెకరాల చేను. ఇంట్లో అమ్మ, నాకంటే మూడేళ్ళు పెద్దదైన మార్తక్క. అక్క నాలుగో తరగతితో బడి మానేసి నాయనతో పాటు చేన్లో పని చేసేది. దినాలు కాగానే మా చిన్నాయన లాజరు, అన్నకు కొడుకుల్లేరు కాబట్టి చేను తనదేనన్నాడు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకొని తిప్పినవాడే. "మీకు తిండి నేను పెడత. ఆడపిల్లలు రేపు ఇంకో ఊరికి పోయేటోళ్ళు, చేను ఆళ్ళెంబడి ఎట్ల పోతది?" అన్నాడు. ఆయనకు అది మోసమనిపించలేదు. ఊళ్ళో ఎవరికీ అనిపించలేదు.

హాస్టలుకు తిరిగొచ్చి దీనమ్మ టీచర్‌కు చెప్పుకొని ఏడ్చాను. ఆమె అంతా విని "హౌదా?" అంది. తర్వాత, "మీ అక్క, నువ్వు పోయి పెద్దల ముంగట అడిగిన్రా?" అంది. లేదన్నాను. ఆ వారం నాతో పాటు రైలెక్కింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ప్రార్థన మందిరం పక్కన చాపలు పరిచారు. మా సంఘానికి పెద్ద యాకోబు తాత. చదువు రాదు, కానీ ఆయన మాట దాటేవాళ్ళు లేరు. అక్కా నేనూ ముందు నిలబడ్డాం. దీనమ్మ టీచర్ మాట్లాడుతుందని నేను ధీమాగా ఉన్నాను. ఆమె మాత్రం వెనక గోడకానుకొని నిలుచుంది. నేను తిరిగి చూస్తే చూపు దించుకుంది. నాకు మహా కోపం వచ్చింది. చివరికి అక్కే నోరు తెరిచింది. దారిలో నేను చెప్పిన కథ తప్ప దానికి ఏ ఆధారమూ లేదు. "తాతా, కొడుకులు లేరని మా నాయిన పేరు గీ ఊర్లె ఉండొద్దా? దున్నింది నాయిన, నేను. గా చేను మాకే ఉండనియ్యుండ్రి" అంది.

యాకోబు తాత గడ్డం నిమురుకున్నాడు. "గిసొంటిది నా ముంగటికి ఎన్నడు రాలే. నాకు తెల్వదు. వచ్చే ఐతారం దాంక ఆగుండ్రి. నలుగురిని అడిగి చెప్త" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను వెనక్కి చూశాను. దీనమ్మ టీచర్ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటోంది.

ఆ వారంలో తాత వికారాబాదు పోయి ఒక వకీలును, ఒక పాస్టరును అడిగాడు. ఒకరు చెప్పింది ఒకరు చెప్పలేదట. ఇద్దరి మాటా విని తనే తేల్చుకున్నాడు. పై ఆదివారం, చేను ఆడపిల్లలదే అని చెప్పాడు. చిన్నాయన తువ్వాలు దులుపుకొని లేచి వెళ్ళిపోయాడు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఈ కథ ఇంత కాలం మోసేదాన్ని కాదు. ఏడాది తిరిగింది. చిన్నాయన భార్య, మా చిన్నమ్మకు సంజీవి అని ఒక అన్న ఉన్నాడు. అదే ఊళ్ళో ఉండేవాడు. భార్య పోయింది, ఇద్దరు పిల్లలు, వయసు నలభైకి దగ్గర. చదువొచ్చినవాడు కాబట్టి మందిరంలో వాక్యం అతనే చదివేవాడు. నేను సెలవుకు ఇంటికొచ్చిన ఒక ఆదివారం అతను గ్రంథం తెరిచి, ఆ ఐదుగురు అక్కచెల్లెళ్ళ కథ అక్కడితో ఆగలేదని చెప్పాడు. ఆ కాండం చివరి అధ్యాయంలో వాళ్ళ గోత్రపు పెద్దలు మళ్ళీ మోషే దగ్గరికి వచ్చారు. ఈ పిల్లలు వేరే గోత్రం వాళ్ళను చేసుకుంటే మా భూమి వాళ్ళకు పోతుంది గదా అన్నారు. అందుకని భూమి పొందిన ఆడపిల్ల తండ్రి గోత్రంలోనే పెళ్ళి చేసుకోవాలని కట్టడి అయింది. మనకు ఈ ఊరే గోత్రం లెక్క, కాబట్టి మార్త ఈ ఊరివాణ్ణే చేసుకోవాలి, లేదా చేను వదులుకోవాలి అన్నాడు సంజీవి. మా సంఘంలో మాకు వరసయ్యేవాళ్ళలో పెళ్ళి కావలసినవాడు అతనొక్కడే.

"మొదటి ముచ్చట మీకు కావాలె, రెండోది వద్దా?" అన్నాడు చిన్నాయన. అక్క ఆ రోజు నుంచి మాట్లాడటం మానేసింది. నన్ను, అమ్మను చేనుతో నిలబెట్టడానికి సరేనందామనుకుంటోందని నాకు అర్థమైంది.

నేను అన్నం తినకుండా రైలెక్కి వికారాబాదు వచ్చాను. తిన్నగా టీచర్ గదిలోకి పోయి గుమ్మంలోనే అడిగాను.

"గా కథకు రెండో సగం ఉన్నదా టీచర్?"

"ఉన్నది."

"మీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి మాకెందుకు చెప్పలే?"

ఆమె మంచం అంచు మీద కూర్చుంది. "గా పిల్లలు మోషే ముంగట నిలబడ్డ కాడ నాకు మస్తు ఇష్టం. అందుకే ఆడనే ఆపేస్త. ఇరవై ఏండ్ల సంది ఆడనే ఆపుతున్న. తర్వాతది చెప్తే మీరు నిలబడరేమోనని భయం" అంది.

"మీవల్లనే మా అక్క గా ముసలోనికి పోతున్నది!" అన్నాను. టీచర్‌తో అలా మాట్లాడిన పిల్ల ఆ హాస్టల్లో లేదు. ఆమె కోప్పడలేదు, ఓదార్చలేదు. "ఐతారం వస్త" అంది, అంతే.

ఆ ఆదివారం ఆమె గోడ దగ్గర నిలబడలేదు. పెద్దల ముందుకు వచ్చి, మాట్లాడతానని యాకోబు తాతను అడిగింది. నలభై మంది దాకా ఉన్నారు. "సంజీవి చదివింది నిజమే. గది గ్రంథంల ఉన్నది. నేను తెలిసి గీ పిల్లలకు సగమే చెప్పిన. నాకు నచ్చిన సగం చెప్పిన. తప్పు నాది, పిల్లలది కాదు" అంది. ఒక టీచరమ్మ అలా అనడం వాళ్ళెప్పుడూ వినలేదు. తర్వాత ఆమె గ్రంథం తెరిచి, "ఇగ ఇప్పుడు నేనే మొత్తం చదువుత. సంజీవి కూడ జర ముందుగాలనే ఆపిండు" అని, చివరి అధ్యాయం వేలు పెట్టి మెల్లగా చదివింది. ఆఖరున ఆ ఐదుగురూ ఎవరిని చేసుకున్నారో ఉంది. తమ తండ్రి అన్నదమ్ముల కొడుకులను చేసుకున్నారు.

ఒక ముసలామె గట్టిగానే అంది: "అయ్యో, గదేంది! అంటే మార్త మా లాజరు కొడుకును చేసుకోవాల్నా? తమ్ముడయితడు గదా!"

ఒక్కసారిగా గోల. కొందరు చెవులు మూసుకున్నారు, కొందరు నవ్వారు. చిన్నాయన ముఖం ఎర్రబడింది. యాకోబు తాత చెయ్యెత్తాడు. "టీచరమ్మా, మల్లొకపారి సదువు. పెండ్లి మాట మొదలు ఏమున్నది?"

"ఆళ్ళకు ఇష్టమైనోన్ని చేసుకోవచ్చని మొదలున్నది. గోత్రం షర్తు గా తర్వాత వచ్చింది."

"చిన్నాయిన కొడుకును చేసుకొమ్మని మన నోట రాదు. ఆళ్ళ వరుస వేరు, మన వరుస వేరు. అంటే గా షర్తు ఆళ్ళు ఆళ్ళ భూమికి ఆలోచన చేసి సోంచాయించుకున్నది. మన ఊరికి మనమే సోంచాయించాలె" అన్నాడు తాత. అటు తిరిగి, "మార్తా, నీకేం ఇష్టం బిడ్డా?" అని అడిగాడు.

అక్కను అంతవరకు ఎవరూ ఆ మాట అడగలేదు. నేను కూడా. అక్క తాత వంకే చూస్తూ, "సంజీవి మామను చేసుకోను. ఇప్పుడు ఎవలనీ చేసుకోను. చేను దున్నుకుంట. రేపు చేసుకుంటే, ఇక్కడికే వచ్చి మాతోని ఉండేటోన్ని చేసుకుంట" అంది. చేను ఊళ్ళోనే ఉంటుంది కాబట్టి ఇక ఎవరికీ అడ్డు చెప్పడానికి మాట దొరకలేదు. రెండేళ్ళ తర్వాత తాండూరు నాపరాయి గనుల్లో పనిచేసే ఒక అనాథ మా ఇంటికి ఇల్లరికం అల్లుడుగా వచ్చాడు. అక్కంటే భయపడేవాడు, అక్కను ప్రేమించేవాడు. చిన్నాయన మాత్రం బతికినన్నాళ్ళూ మాతో మాట్లాడలేదు. నాకది ఇప్పటికీ బాధే.

ఆ తీర్పు అయిన మరుసటి ఏడు దీనమ్మ టీచర్‌ను తాండూరు బడికి మార్చారు. ఊరి గొడవల్లో వేలు పెట్టిందని ఎవరో పైవాళ్ళకు రాశారని హాస్టల్లో అనుకున్నారు. నేను టీచర్ ట్రైనింగు ముగించి ఉద్యోగంలో చేరాక ఒకసారి తాండూరు వెళ్ళి ఆమెను చూశాను. అప్పటికి ఆమెకు చూపు బాగా తగ్గింది. మా ఊరి గొడవ వల్లనేనా మార్చారని అడిగితే, "తాండూరు నీళ్ళు నాకు మంచిగ పడుతయి బిడ్డా" అంది. ఆ ఐదుగురి కథ ఇప్పుడు ఎలా చెప్తున్నారని అడిగాను. "ఆఖరి దాంక చెప్తున్న. పిల్లలు చివర్ల మొకం మాడ్చుకుంటరు, కొట్లాడుతరు. కొట్లాడనీ" అని నవ్వింది.

గోత్రాల పెద్దల గురించి ఆమె చెప్పిన కథలు నాకు చాలా గుర్తున్నాయి. కానీ నాతో ఉండిపోయింది కథలు కాదు. నేను ముప్పై ఏళ్ళకు పైగా బడుల్లో పనిచేశాను, చివరి తొమ్మిదేళ్ళు ప్రధానోపాధ్యాయురాలిగా. ఒకసారి లైబ్రరీ పుస్తకం పోయిందని ఏడో తరగతి పిల్లను అందరి ముందు నిలబెట్టి మందలించాను. వారం తర్వాత ఆ పుస్తకం నా బీరువాలోనే దొరికింది. పిల్లను గదిలోకి పిలిచి చెప్తే సరిపోయేది. తోటి టీచర్లూ అదే అన్నారు. కానీ నేను మందలించింది గదిలో కాదు గదా. మరునాడు ప్రార్థన అయ్యాక పిల్లలందరి ముందుకు వచ్చి, పుస్తకం నా దగ్గరే ఉందని, తప్పు నాదని చెప్పాను. వరసలో ఉన్న ఆ పిల్ల మొదట తల వంచుకుంది. కాసేపటికి మెల్లగా తలెత్తి నా వంక చూసింది. ఆ ఆదివారం మందిరం ముందు నేను దీనమ్మ టీచర్ వంక ఎలా చూశానో నాకు అప్పుడు తెలిసింది.