గుట్ట గుడిలో నా బారెడు గోడ

కొడుకు కొత్త ఇంటికి డబ్బా రంగు వేయిస్తుంటే ఆ వాసనకు నాకు తల తిరిగింది. మా చిన్నప్పుడు గోడకు సున్నమే. కుండలో నీళ్లు పోయగానే బుసబుస పొంగి ముక్కులు అదరగొట్టేది.

మా ఊరు నకిరేకల్ దగ్గర. ఊరి పక్క గుట్ట మీద రాతి చర్చి ఉంది, మేం గుట్ట గుడి అంటాం. తెల్లదొర కట్టించాడని చెబుతారు గానీ, వాగు నుంచి రాళ్లు నెత్తిన మోసింది మా నాయనమ్మ వాళ్లు. ఆమెను అవ్వ అనేవాళ్లం. మోసిన ప్రతి ఇంటికీ గోడలో బారెడు జాగా ఇచ్చారు. క్రిస్మస్ ముందు ఎవరి బారెడుకు వాళ్లే సున్నం వేయాలి, ఆ గోడను ముట్టాలంటే ఆ ఇంటివాళ్లనే అడగాలి. చలి పొద్దున అవ్వ ఈత మట్టను రాయితో నలగ్గొట్టి కుంచె చేసి, సున్నంలో గంజి, చిటికెడు నీలిమందు కలుపుతుంటే, పిల్లలం నున్నటి బండ మీద లంగాలు చిరిగేదాకా జారి, బెల్లం గరిజెలు తిన్న చేతులతోనే తడి గోడను ముట్టి తిట్లు తినేవాళ్లం.

మోకాళ్లు పట్టేసిన ఏడాది అవ్వ కుంచెను నా చేతికిచ్చింది. పెండ్లయి పోయే పిల్లకు గోడెందుకని చిన్నాయన గొణిగాడు. అవ్వ సున్నం కలపడం ఆపలేదు.

"రాళ్లు మోసేనాడు ఆడదానివని నన్ను పక్కకు పెట్టిండ్రారా? గా గోడ దీనిది."

పెండ్లయి చౌటుప్పల్ పోయినా ఏటా వచ్చి సున్నం వేస్తూనే ఉన్నాను.

మొన్న చిన్నాయన కొడుకు వచ్చాడు. ఇప్పుడు సంఘ పెద్ద అతనే. గుట్ట గుడిని కూల్చి, ఆ జాగా అమ్మి, రోడ్డు పక్కన టైల్సు పరిచిన కొత్తది కడతారట. కాగితం, సిరా డబ్బా నా ముందు పెట్టి, "అక్కా, జర వేలు పెట్టు. అందరు పెట్టిండ్రు," అన్నాడు.

తెలంగాణ వచ్చాక, మనవరాలి బడి పుస్తకం పక్కన కూర్చుని నేను అక్షరాలు నేర్చుకున్నట్టు అతనికి తెలియదు. కూడబలుక్కుని చదివాను. గోడలన్నీ బీటలు వారి కూలిపోతున్నాయని ఉంది. పెన్ను అడిగాను. "నా గోడ కూలుతలేదు. నేను ఒప్పుకోను" అని రాసి, కింద పేరు పెట్టాను.

తమ్ముడు సిరా డబ్బాకు మూత పెట్టాడు. "ఒక్కదానివి ఎన్నాళ్లు ఆపుతవక్కా?"

"నీకు తొందరుంటే ఒప్పుకున్నోళ్ల రాళ్లు పీక్కపో. నాది ముట్టకు."

సగం గుట్ట ఇప్పటికే కంకరైపోయింది. మేం జారిన బండ ఏ రోడ్డు కిందో ఉంది. కుంచె పట్టిన ఆడవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. తమ్ముడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు. గుడి ఇంకా గుట్ట మీదే ఉంది.